రేకు దింపే రోజుకు బాధ్యులెవరు? చెన్నై అధికారులకు బహిరంగ లేఖ

చెన్నై మహానగరంలో కూల్చివేతలకు అనుమతులిచ్చే అధికారులకు, కాలుష్య నియంత్రణ, కార్మిక భద్రత, ప్రజారోగ్య శాఖల పెద్దలకు, బడుల యాజమాన్యాలకు; ఈ ఊళ్లో పనిచేస్తున్న తెలుగు మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు, ఇంటి యజమానులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీ పని ఒత్తిడి తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాం. ఊపిరితిత్తులను చెడగొట్టే ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నార కలిసిన పాత సిమెంటు రేకులు ఎలా దింపాలో, దింపినవాటిని ఎక్కడికి పంపాలో రాతపూర్వకంగా చెప్పమని అర్జీలు పెట్టుకున్నాం. ఒక కార్యాలయం ఇది తమ పరిధి కాదంది. వాళ్లు చూపించిన రెండో కార్యాలయం మళ్లీ మొదటి దాన్నే చూపించింది. ఎవరితోనూ తగవు పెట్టుకోవాలని లేదు గనక పేర్లు రాయడం లేదు. కానీ ఈశాన్య రుతుపవనాల వానలు ఎవరి జవాబు కోసమూ ఆగవు. ఆ వానలకు ముందు, ఆగస్టు సెప్టెంబరుల్లోనే, ఈ ఊళ్లో కారే కప్పులు విప్పి మార్చుకుంటారు. అందుకే నలుగురికీ తెలిసేలా రాస్తున్నాం.

ముందు ఒక సంగతి తేటగా చెప్పాలి. పగుళ్లు లేకుండా, పెచ్చులూడకుండా కప్పు మీద ఉన్న సిమెంటు రేకు కింద ఉంటున్నవాళ్లు రేపే ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదు. ఆస్బెస్టాస్ నార సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. కోసినప్పుడు, డ్రిల్లు వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు, పొడిగా గీకినప్పుడు అది గాల్లోకి లేస్తుంది. ఎండకూ వానకూ పైపొర సిమెంటు అరిగిపోయి నార బయటపడ్డ పాత రేకైతే ఇంకా తేలిగ్గా వదులుతుంది. రేకు కప్పు మీదికి ఎక్కించడానికి ఐఎస్ 3007 అనే భారతీయ ప్రమాణం ఉంది. దింపడం దగ్గరికొచ్చేసరికి సమ్మెట ఉన్నవాడిదే పద్ధతి.

లెక్క చూడండి. మన దగ్గర దొరికే ముడతల రేకు మందం 6 మిల్లీమీటర్లు, వెడల్పు 1.05 మీటర్లు, పొడవు ఒకటిన్నర నుంచి 3 మీటర్లు. 2 మీటర్ల రేకు సుమారు 28 కిలోలు తూగుతుంది. అందులో 8 నుంచి 10 శాతం తెల్ల ఆస్బెస్టాస్, అంటే క్రిసోటైల్. డాబా మీద 12 అడుగులకు 20 అడుగుల గదికి ఇలాంటివి 14 పడతాయి. మొత్తం బరువు 400 కిలోల దరిదాపు, అందులో నార 30 నుంచి 40 కిలోలు. పులివెందుల చుట్టుపక్కల గనులు చూసినవాళ్లకు ఈ నార కొత్త కాదు. ఇప్పుడు వాడేది ఎక్కువగా విదేశాల నుంచి దిగుమతయ్యేదే.

తెల్లది మంచిది, నీలం గోధుమ రంగులవే చెడ్డవి అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ ఒకటో వర్గంలో, అంటే మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైనవాటిలో పెట్టింది. ఊపిరితిత్తులు, స్వరపేటిక, అండాశయాల క్యాన్సర్లు, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మెసోథీలియోమా ఆ జాబితాలో ఉన్నాయి. క్యాన్సర్ కాకుండా ఊపిరితిత్తులు గట్టిపడి ముడుచుకుపోయే ఆస్బెస్టోసిస్ వేరే. ఇంతవరకైతే ఫరవాలేదని చెప్పగల మోతాదు ఏదీ లేదనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఇప్పుడు ఈ ఊళ్లో మామూలు జనానికి ఏం జరుగుతోందో చెబుతాం.

1. కోసేవాళ్లు. 4 అంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. దానితో రేకు కోస్తే తెల్లటి దుమ్ము మబ్బులా లేస్తుంది. ప్రాణం తీసేది కంటికి కనిపించే ఆ దుమ్ము కాదు. 3 మైక్రాన్ల కన్నా సన్నంగా, 5 మైక్రాన్ల కన్నా పొడుగ్గా ఉండే నార ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నటి నార గాల్లో గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. మబ్బు దిగిపోయిందని మాస్కు తీసేసి, అక్కడే కూర్చుని అన్నం తింటారు. తువ్వాలు కట్టుకోవడం, సర్జికల్ మాస్కు పెట్టుకోవడం ఈ నారకు అడ్డు కావు. బీడీ, సిగరెట్ల అలవాటు కూడా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడికలా కాక హెచ్చవేతలా పెరుగుతుంది.

2. జబ్బు బయటపడేచోటు. మెసోథీలియోమా బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వచ్చిన 22 ఏళ్ల కుర్రాడు ఇవాళ వ్యాసర్పాడిలో రేకు కోస్తే, ఆయాసం మొదలయ్యేనాటికి సొంతూళ్లో మనవలతో ఉంటాడు. అక్కడి డాక్టరు ముందుగా అనుమానించేది టీబీనే. కఫం పరీక్షలో ఏమీ రాకపోయినా టీబీ మందులే నడుస్తాయి. టీబీ సాధారణంగా ఊపిరితిత్తుల పైభాగంలో కనిపిస్తుంది. ఆస్బెస్టోసిస్ కిందిభాగంలో మొదలవుతుంది, వీపు కింద స్టెత్ పెడితే చిటపటలు వినిపిస్తాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర మీద సున్నపు మచ్చలుంటే ఇంకా గట్టి ఆనవాలు. 'పాతికేళ్ల కిందట ఏం పని చేశావు' అని ఒక్కమాట అడిగితే తేలే సంగతి ఇది. అడిగినా చూపించడానికి అతని దగ్గర ఒక్క కాగితమూ ఉండదు. ఆ కాగితం పుట్టాల్సింది చెన్నైలో.

3. ఇంట్లోవాళ్లు. పనిబట్టలు దులిపి ఉతికే ఆడవాళ్లకు మెసోథీలియోమా వచ్చిన సంగతి అనేక దేశాల వైద్యులు నమోదు చేశారు. వాళ్లు ఏ సైటులోనూ కాలు పెట్టినవాళ్లు కారు.

4. పారిశుద్ధ్య కార్మికులు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడైనా, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడైనా చెట్లతో పాటు విరిగి పడేవి రేకులే. చెట్టుకొమ్మలూ రేకుముక్కలూ ఒకే లారీలోకి ఎత్తుతారు. ఎత్తేవాళ్లలో తరతరాలుగా ఈ నగరాన్ని ఊడుస్తున్న తెలుగు కుటుంబాలవాళ్లు ఎందరో. వాన తడి ఉన్నంతసేపు ఫరవాలేదు. నాలుగు రోజులకు ఎండ కాసి, ఆ ముక్కల మీద నుంచి బళ్లు పోయి పిండి అయ్యాక, చీపురుతో పొడిగా ఊడుస్తారు. అసలు గండం అదీ.

5. పాత రేకుల అమ్మకం. దింపిన రేకుల్లో బాగున్నవి రోడ్డు పక్క కొట్టుకు పోతాయి. అక్కడ కొని గుడిసెకు గోడగా, స్నానాల గదికి తడికగా, పొయ్యి వెనక అడ్డుగా వాడుకుంటారు. మంటకు సిమెంటు రేకు టపాకాయలా పేలి ముక్కలు చిమ్ముతుందని కొనేవాళ్లకు తెలియదు, అమ్మేవాళ్లు చెప్పరు. పగిలినవి బేస్‌మెంటు నింపడానికి, గుంతలు పూడ్చడానికి పోతాయి. మళ్లీ ఎప్పుడో కేబుల్ కోసం అక్కడే తవ్వుతారు.

6. తెల్ల పెయింటు. ఎండవేడి తగ్గుతుందని రేకుల మీద తెల్ల పెయింటు వేయించడం ఇప్పుడు జోరుగా సాగుతోంది. ఉద్దేశం మంచిదే, పెయింటు పొర నారను పట్టి ఉంచుతుంది కూడా. చెడేది పెయింటుకు ముందు. నాచు పోవాలని వైరుబ్రష్‌తో పొడిగా రుద్దుతారు, లేదా ప్రెషర్ వాషర్‌తో కొడతారు. మొదటిది నారను గాల్లో కలుపుతుంది. రెండోది పక్కింటి గోడల మీదికి, కాలవలోకి చిమ్ముతుంది, అక్కడ ఎండి లేస్తుంది. నాచుమందు చల్లి, తడిపి, మెత్తటి బ్రష్‌తో తీస్తే సరిపోయే పని అది.

రేకు మీద పడిన వాననీళ్ల గురించి కూడా అడుగుతుంటారు. తాగే నీళ్లలో ఆస్బెస్టాస్ వల్ల హాని ఉందనడానికి నిలకడైన ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. జాగ్రత్త కావాల్సింది వాననీటి గొట్టాల్లో, ఫిల్టరు గుంతల్లో చేరిన బురదతో. దాన్ని తడిగా ఉండగానే పారతో ఎత్తి సంచిలో కట్టాలి. ఎండాక ఊడ్చకూడదు.

7. బడులు. 2004 జూలై 16న కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు కాలిపోయాక రాష్ట్రమంతటా బడుల మీది ఆకుకప్పులు తీయించారు. తలచుకుంటే ప్రభుత్వం ఎంత త్వరగా చేయగలదో అప్పుడు చూశాం. ఆకు తీసినచోట కొన్ని బడులు సిమెంటు రేకు వేసుకున్నాయి. అవి ఇప్పుడు పాతబడ్డాయి. బంతి తగిలి అంచులు విరిగినవి, ఫ్యాను కొక్కేనికి డ్రిల్లు వేసినవి ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్ల పీల్చిన నారకు జబ్బుగా మారడానికి పెద్దవాళ్లకన్నా ఎక్కువ ఆయుష్షు ముందుంటుంది.

ఇక దింపే పద్ధతి. మందుగా దొరకదు, యంత్రం కొనాల్సిందీ కాదు, అందుకే ఎవరూ పట్టించుకోరేమో. పరీక్ష చేయించని ప్రతి పాత సిమెంటు రేకునూ ఆస్బెస్టాస్ కిందే లెక్కగట్టాలి. చుట్టూ తాడు కట్టి, పక్కిళ్లవాళ్లకు ముందురోజే చెప్పి కిటికీలు మూయించాలి, నీళ్లట్యాంకులు కప్పించాలి, ఆరేసిన బట్టలు తీయించాలి. మాస్కు ఎఫ్‌ఎఫ్‌పీ 3 రకం, లేదా పీ 100 ఫిల్టరు ఉన్న సగం ముఖపు మాస్కు; ఇవి సన్నటి నారను ఆపుతాయి. గడ్డం ఉంటే అంచులు ముఖానికి అంటవు, పెట్టుకున్నా వృథా.

పొలాల్లో మందు కొట్టే 16 లీటర్ల చేతిపంపు స్ప్రేయరు ఈ పనికి చక్కగా సరిపోతుంది. కొత్తది కొనాలి, పురుగుమందు కొట్టినది వద్దు. నీళ్లలో కాస్త గిన్నెల సబ్బుద్రవం కలిపితే తడి లోపలికి ఇంకుతుంది. సన్నటి తుంపరగా, రేకుకు రెండు వైపులా తడపాలి. చెన్నై ఎండకు నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి ఒక మనిషికి తడపడమే పని. తడిసిన రేకు జారుతుంది. దాని మీద ఎక్కడమే తప్పు. బోల్టుల వరుస మీద అడుగేస్తే విరగదని మేస్త్రీలు నమ్ముతారు. పాత రేకు దగ్గర ఆ నమ్మకం చెల్లదు. నార ఇరవై ఏళ్ల తరవాత చంపుతుంది, విరిగిన రేకు ఆ క్షణాన్నే చంపుతుంది. కింద పరంజా వేసి అక్కడి నుంచి విప్పాలి. పైకెక్కక తప్పకపోతే రెండు మూడు దూలాల మీద ఆనేలా వెడల్పు పలక వేసుకుని, నడుముకు బెల్టు కాక, ఒంటి మొత్తాన్ని పట్టే సేఫ్టీ హార్నెస్ కట్టుకోవాలి.

ఎక్కువ రేకులు పగిలేది బోల్టు దగ్గరే. రాయపురం, తిరువొత్తియూరు, ఎన్నూరు వైపు ఉప్పుగాలికి రేకును దూలానికి పట్టి ఉంచే 8 మిల్లీమీటర్ల జె-హుక్ (జె ఆకారపు కొక్కెం) బోల్టులు తుప్పుపట్టి నట్టు కరుచుకుపోతాయి. స్పానరు జారుతుంది, సుత్తితో కొడతారు, కన్నం చుట్టూ రేకు పొడిపొడి అవుతుంది. లేదా బోల్టు అలాగే ఉంచి రేకును పైకి లాగుతారు, కన్నం దగ్గర చీలుతుంది. నట్టు చుట్టూ తడిపి, పెద్ద బోల్టు కట్టరుతో కొక్కేన్ని కింది నుంచి కత్తిరిస్తే రేకు చెక్కుచెదరకుండా వస్తుంది. గ్రైండరుతో బోల్టు కోయడమూ వద్దు, బ్లేడు జారి తగిలేది రేకుకే.

విప్పిన రేకును విసరకూడదు, ఈడ్చకూడదు. ఇద్దరు పట్టి దింపాలి. నాలుగేసి చొప్పున పేర్చి, 200 మైక్రాన్ల పాలిథీన్ షీటు రెండు చుట్లు చుట్టి టేపు వేయాలి. కొట్లో 800 గేజ్ అని అడిగితే ఇస్తారు. ఆ కట్ట 110 కిలోల పైన ఉంటుంది, నలుగురు మోయాలి. ముక్కలు తడిపి రెండు సంచుల్లో కట్టాలి. దూలాలు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కూడా అదే సంచిలో వేయాలి. చీపురు, బ్లోయరు, ఇంట్లో వాడే వాక్యూమ్ వద్దు. చివరికి ఒంటినిండా కప్పే పైతొడుగు అయిన కవరాల్‌ను తడిపి, లోపలివైపు బయటికొచ్చేలా చుట్టుకుంటూ విప్పి, మాస్కు అన్నిటికన్నా ఆఖర్న తీయాలి. చాలామంది మాస్కు ముందు తీసి తరవాత బట్టలు దులుపుకుంటారు. పొద్దుటి నుంచి పడ్డ జాగ్రత్తంతా అక్కడ పోతుంది.

ఇదంతా బిగువుగా ఉన్న రేకులకు, పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపులకు. పాత బాయిలర్ల చుట్టూ, ఆవిరి గొట్టాల మీద ఉండే పూతలు వేరు. చేత్తో నలిపితే పొడయ్యేది ఏదైనా మేస్త్రీ ముట్టకూడదు. ఆ గది మొత్తం మూసి, లోపలిగాలిని అతి సన్నటి దుమ్మును పట్టే హెపా ఫిల్టరు గుండా బయటికి లాగుతూ, శిక్షణ ఉన్నవాళ్లే తీయాలి.

చట్టం లేదని మేం అనడం లేదు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆస్బెస్టాస్ కార్మికుడి ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగంగా చూసి, పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకూ అతని ఆరోగ్య రికార్డు దాచాలంది. 2011లో నిషేధం కోరిన పిటిషన్‌ను కొట్టేస్తూనే కోర్టు ఆ ఆదేశాలను మళ్లీ గుర్తుచేసింది. కానీ అవి గేటూ హాజరుపట్టీ ఉన్న ఫ్యాక్టరీల కోసం ఉద్దేశించినవి. దినకూలీకి రేకు దింపేవాడు వాటిలోకి రాడు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల మొదటి షెడ్యూలులో 15వ వరుసన పారేసిన ఆస్బెస్టాస్ ఉంది, అయితే అది తయారీ ప్రక్రియ శీర్షిక కింద ఉంది. ఇల్లు విప్పితే వచ్చిన రేకు దాని కిందికి వస్తుందా రాదా అన్న సందులోనే మా అర్జీలు ఇరుక్కున్నాయి. వ్యర్థాలను పారేసే తీరు మీద ఐఎస్ 11768 అని 1986 నుంచీ ప్రమాణం ఉంది. మూలన పడి ఉంది.

నిషేధం ఢిల్లీ చేతిలో ఉంది. యూరోపియన్ యూనియన్ 2005లో, నేపాల్ 2015లో, కెనడా 2018లో ఆ పని చేశాయి. మేం అడిగేవి మాత్రం మీ బల్ల మీద తేలేవే.

ఒకటి. కూల్చివేత అనుమతి పత్రంలో సిమెంటు రేకులు, ఏసీ పైపులు, పాత ఇన్సులేషన్ ఉన్నాయా, ఎన్ని అని అడగండి. అవి పద్ధతిగా దింపినట్టు ఫొటోలతో ధ్రువీకరించేదాకా జేసీబీని లోపలికి రానివ్వకండి. కలిపి కూల్చాక వేరు చేయడం ఎవరివల్లా కాదు.

రెండు. ఇళ్ల నుంచి, బడుల నుంచి వచ్చే ఆస్బెస్టాస్ వ్యర్థం ప్రమాదకర వ్యర్థమేనని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. ఏ శాఖ జవాబుదారీయో అందులోనే రాయండి.

మూడు. గుమ్మిడిపూండిలో ప్రమాదకర వ్యర్థాల నిక్షేపస్థలం ఉంది. పది రేకులున్న ఇంటివాడు అక్కడికి సొంతంగా పంపలేడు. ప్రతి జోన్‌లో నెలకో రోజు పెట్టి, చుట్టి టేపు వేసిన కట్టలను తీసుకుని, అక్కడికి మీరే చేర్చండి. పెరుంగుడి, కొడుంగైయూరు చెత్తగుట్టల్లోకి ఒక్క ముక్కా పోకూడదు.

నాలుగు. రేకుల మీద గ్రైండరు వాడకాన్ని, పాత రేకుల తిరుగు అమ్మకాన్ని ఆపండి. అయితే గుడిసె మీద రేకు వేసుకున్నవాడికి జరిమానా వేయకండి. జరిమానా భయానికి రాత్రిపూట పగలగొట్టి కాలవలో పారేస్తాడు. అతనికి ఆస్బెస్టాస్ లేని రేకు కొనుక్కోవడానికి సాయం చేయండి.

ఐదు. తుఫాను తరవాత రేకుముక్కలకు వేరే బండి, వేరే సంచులు, స్ప్రేయర్లు, ఎఫ్‌ఎఫ్‌పీ 3 మాస్కులు వార్డు గోదాముల్లో సెప్టెంబరు నాటికే సిద్ధంగా ఉంచండి.

ఆరు. బడుల్లోని రేకుకప్పుల జాబితా తీయండి. విరిగినవి ముందు. మే సెలవుల్లో తప్ప ఇంకెప్పుడూ విప్పొద్దు. లోపలి పూతలు తీయించిన గదులను గాలి పరీక్ష అయ్యాకే తెరవండి. బ్రిటన్‌లో మిల్లీలీటరు గాలికి 0.01 నార దాటితే గది తిరిగి అప్పగించరు.

ఏడు. రేకులు దింపే ప్రతి కూలీకీ ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల శక్తి కొలిచే ఊదుడు పరీక్ష చేయించి, తేదీ, సైటు, పని రాసిన కార్డు ఇవ్వండి. కార్డు తమిళంలోనే కాక తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీల్లో కూడా ఉండాలి. నకలు 40 ఏళ్లు మీ దగ్గర ఉండాలి. టెక్కలిలో డాక్టరు చదవాల్సిన కార్డు అది.

తెలుగు మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు ఒక మాట. సర్క్యులర్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. స్ప్రేయరు, పాలిథీన్, బోల్టు కట్టరు, మాస్కులు కలిపి ఎస్టిమేటులో వేరే పద్దుగా రాయండి. యజమాని బేరమాడితే పరంజా కూలీ తగ్గించుకోండి అనకండి, పని వదులుకోండి.

అధికారులు ఈ ఏడు అంశాల మీద అంశానికొక జవాబు చొప్పున 30 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాం. ఏది చేయలేరో అది కూడా, ఎందుకు చేయలేరో కారణంతో రాయండి. మేస్త్రీలకు శిక్షణ పెడితే చూపించడానికి వస్తాం.

ఇట్లు,
చెన్నైలో భవన నిర్మాణ, భద్రతా పనుల్లో ఉన్న తెలుగు ఇంజినీర్లు, సూపర్‌వైజర్లు, మేస్త్రీలు కొందరు